హోసూరు రోడ్డు పక్కన నల్లకోట్లు

హోసూరు నుంచి రాయకోటకు పోయే దారిలో ఉద్దనపల్లి ఉంది. ఇంట్లో తెలుగు, భూమి పట్టాలో తమిళం, బెంగళూరు పనికి పోతే కన్నడం. ఈ చుట్టుపక్కల పెరిగిన పిల్లలకు మూడు భాషలూ నాలుక మీదే ఉంటాయి. నాలుగోది మాత్రం అంత తొందరగా చేతికి రాదు. అది చట్టం మాట్లాడే భాష. దాన్ని నేర్పే బడుల్లో కథోలిక గురువులు నడిపేవి కొన్ని ఈ ఊరికి దగ్గరగా ఉన్నాయి, కొన్ని సముద్రాల అవతల ఉన్నాయి. వాటిలో చదివి బయటికొచ్చినవాళ్లు ఏం చేశారో, ఆ చదువు ఉద్దనపల్లి లాంటి చోట ఎక్కడెక్కడ పనికొస్తుందో చెప్పే విశేషాలివి.

పేరులోనే హోసూరు

బెంగళూరులో క్రైస్ట్ యూనివర్సిటీ పాత క్యాంపస్ ఉన్న రోడ్డు పేరు హోసూరు రోడ్డు. ఆ రోడ్డు పట్టుకుని వస్తే మన హోసూరే. మొదట కాలేజీగా ఉన్న దాన్ని 1969లో స్థాపించినవారు సీఎంఐ అనే కథోలిక సభ గురువులు. ఆ సభ 1831లో కేరళలోని మాన్నానంలో పుట్టింది. బయటి దేశంవాళ్లు కాదు, కేరళ గురువులే దాన్ని నిలబెట్టుకున్నారు. క్రైస్ట్‌లో లా చదువు 2006లో మొదలైంది.

అదే నగరంలో సెయింట్ జోసెఫ్ కాలేజీని 1882లో ఫ్రెంచి మిషనరీలు పెట్టారు. 1937లో అది జెస్యూట్ల చేతికి, అంటే యేసుసభ గురువుల చేతికి వచ్చింది. లా కాలేజీ మాత్రం వాళ్లు పెట్టింది 2017లోనే.

బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ప్రతి లా కాలేజీ ఒక ఉచిత న్యాయసహాయ కేంద్రం నడపాలి. ఈ కాలేజీలకే కాదు, దేశంలో అన్నిటికీ ఇదే నియమం. కాబట్టి మీ ఊరికి లా విద్యార్థులు బృందంగా వచ్చి గ్రామసభలో కూర్చుంటే, అది వాళ్ల చదువులో భాగం. మొహమాటపడకుండా మీ పట్టా కాగితాలు ముందు పెట్టండి.

ఒక ఊరు, రెండు చర్చి చట్టాలు

హోసూరులో ఇద్దరు కథోలికులు పక్కపక్క ఇళ్లలో ఉన్నా, ఇద్దరికీ ఒకే చర్చి చట్టం వర్తిస్తుందని చెప్పలేం. ఈ సంగతి చాలామంది కథోలికులకే కొత్తగా ఉంటుంది.

కృష్ణగిరి ప్రాంతం లాటిన్ ఆచారంలో ధర్మపురి మేత్రాసనం కిందికి వస్తుంది. దాన్ని 1997 జనవరిలో సేలం నుంచి విడదీసి ఏర్పాటు చేశారు. ఇక 2017 అక్టోబరులో పోపు ఫ్రాన్సిస్ 'హోసూరు' పేరుతోనే సీరో మలబార్ మేత్రాసనం ఒకటి స్థాపించారు. ఉద్యోగాలకు, వ్యాపారాలకు వచ్చి స్థిరపడిన కేరళ సీరో మలబార్ కథోలికులు దాని కిందికి వస్తారు.

లాటిన్ వారికి 1983 నాటి చర్చి చట్టం. అందులో 1752 సూత్రాలు. సీరో మలబార్ లాంటి ప్రాచ్య సభలకు 1990 నాటి మరో చట్టం. అందులో 1546 సూత్రాలు. తేడాలు చిన్నవి కావు. లాటిన్ పద్ధతిలో పెళ్లిని గురువు కంటే కింది హోదాలో ఉండే డీకన్ కూడా జరిపించవచ్చు. ప్రాచ్య పద్ధతిలో గురువు ఆశీర్వాదం లేనిదే పెళ్లి చెల్లదు. లాటిన్ అబ్బాయి, సీరో మలబార్ అమ్మాయి పెళ్లి కుదిరితే ఎవరి పద్ధతిలో జరగాలన్నది నిజంగా తేల్చుకోవలసిన ప్రశ్న.

ఇలాంటివి తేల్చడానికి చర్చికి సొంత న్యాయనిపుణులు ఉంటారు. వారి చదువు కూడా బెంగళూరులోనే దొరుకుతుంది. సెయింట్ పీటర్స్ పాంటిఫికల్ ఇన్‌స్టిట్యూట్‌లో లాటిన్ చట్టం, క్రైస్ట్ పక్కనే ఉన్న ధర్మారామ్‌లో ప్రాచ్య చట్టం నేర్పుతారు.

చర్చి రద్దు చేసినా

పై విషయానికే ఒక తోక ఉంది. దాని వల్ల ఇబ్బంది పడ్డ కుటుంబాలు ఉన్నాయి కనుక కొంచెం నిలిచి చెప్పాలి.

చర్చి న్యాయస్థానం ఒక పెళ్లి చెల్లదని తీర్పు ఇచ్చిందనుకోండి. ఆ కాగితం పట్టుకుని మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా? చర్చిలో చేసుకోవచ్చు. ప్రభుత్వం దృష్టిలో మాత్రం మొదటి పెళ్లి అలాగే ఉంటుంది. రెండో పెళ్లి నేరమవుతుంది. సుప్రీంకోర్టు 1996లో మోలీ జోసెఫ్ కేసులో ఈ మాట తేల్చి చెప్పింది. చర్చి తీర్పులను సివిల్ కోర్టులు గుర్తించాలని మంగళూరు ప్రాంతపు న్యాయవాది క్లారెన్స్ పాయస్ వేసిన పిటిషన్‌ను 2017 జనవరిలో కొట్టివేసింది. కాబట్టి సివిల్ కోర్టు డిక్రీ కూడా తెచ్చుకోవాల్సిందే.

ఆ డిక్రీకి ఆధారం 1869 నాటి విడాకుల చట్టం. 2001లో సవరించేదాకా అందులో భర్తకో కొలత, భార్యకో కొలత. భార్య వ్యభిచారం చేసిందని చూపిస్తే భర్తకు చాలు. భార్య విడాకులు కోరితే మాత్రం భర్త వ్యభిచారానికి తోడు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో కూడా రుజువు చేయాలి. పరస్పర అంగీకారంతో విడిపోయే దారి అందులో లేనే లేదు. జిల్లా కోర్టు విడాకులిచ్చినా హైకోర్టు ఖాయం చేయాలి. నూటముప్పై ఏళ్లకు పైగా క్రైస్తవ స్త్రీలు ఈ బరువు మోశారు. 2001లో అది దిగడానికి మహిళా సంఘాలు, చర్చి పెద్దలు, న్యాయవాదులు ఏళ్ల తరబడి పట్టుబట్టాల్సి వచ్చింది.

గుజరాత్ గురువుల కేసు, హోసూరు తెలుగు బడి

ఈ విశేషాలన్నిటిలో నాకు బాగా నచ్చినది ఇది.

రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు తామే పెట్టుకుని నడుపుకునే హక్కు ఇస్తుంది. అది మతాల గురించే అని చాలామంది అనుకుంటారు. 'మతం లేదా భాష' అని స్పష్టంగా రాసి ఉంది. తమిళనాడులో తెలుగువారు భాషాపరమైన అల్పసంఖ్యాకులు. ఉద్దనపల్లి తెలుగు రైతూ, బెంగళూరు జెస్యూట్ గురువూ ఒకే అధికరణం నీడలో ఉన్నారు.

ఆ హక్కుకు బలం వచ్చింది కోర్టుల్లో. అక్కడ పోరాడిన వారిలో కథోలిక సంస్థలు చాలా ఉన్నాయి. 1974లో గుజరాత్‌లో జెస్యూట్ గురువులు నడిపే అహ్మదాబాద్ సెయింట్ జేవియర్స్ కాలేజీ కేసును తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం విన్నది. పాలకవర్గంలో ఎవరుండాలో, ఉపాధ్యాయుణ్ణి తీసేయాలంటే ఎవరి అనుమతి కావాలో యూనివర్సిటీ చట్టం నిర్దేశించింది. ఆ నిబంధనల్లో కొన్ని అల్పసంఖ్యాక కాలేజీలకు వర్తించవని కోర్టు చెప్పింది. అంతకుముందు కేరళ కన్యాస్త్రీల మఠాధిపతి వేసిన కేసు, బిహార్‌లో జెస్యూట్ గురువు ప్రూస్ట్ వేసిన కేసు కూడా ఇదే దారిలో నడిచాయి.

2002లో టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసు వచ్చింది. మణిపాల్ సంస్థది. పదకొండుమంది న్యాయమూర్తులు విన్నారు. ఎవరు అల్పసంఖ్యాకులో దేశమంతటా కలిపి కాదు, రాష్ట్రాన్ని బట్టి లెక్కించాలన్నారు. ఆంధ్రలో మెజారిటీ అయిన తెలుగు తమిళనాడులో మైనారిటీ అన్నమాట. గుజరాత్ గురువులు తమ కాలేజీ కోసం గెలుచుకున్న తీర్పును హోసూరులో తెలుగు బడి నడిపేవారు కూడా తమ వాదనలో చూపించుకోవచ్చు. 2006లో తమిళనాడు తమిళం చదవడాన్ని తప్పనిసరి చేసే చట్టం తెచ్చినప్పటి నుంచి, భాషాపరమైన అల్పసంఖ్యాక పిల్లల పరీక్షల గురించి కోర్టుల్లో వాదనలు జరుగుతూనే ఉన్నాయి. ఆ వాదనలు వినిపించేవారు ఈ ప్రాంతపు పిల్లలే అయితే ఎంత బాగుంటుందో కదా.

సిప్కాట్ నోటీసు వచ్చినప్పుడు

ఉద్దనపల్లి, అయర్నపల్లి, నాగమంగలం పంచాయతీల రైతులు రాష్ట్ర ప్రభుత్వ పరిశ్రమల సంస్థ సిప్కాట్ చేపట్టిన భూసేకరణకు వ్యతిరేకంగా 2023లో ధర్నాకు కూర్చున్నారు. టమాటా, పూలు, రాగి పండే నేలలివి. ఆ గొడవ వెనుక ఉన్న చట్టం కథ లా కాలేజీల్లో పాఠంగా చెప్పవలసినంత ముఖ్యమైనది.

కేంద్రం 2013లో కొత్త భూసేకరణ చట్టం చేసింది. సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలని, ప్రైవేటు కంపెనీల కోసమైతే 80 శాతం మంది ఒప్పుకోవాలని అందులో ఉంది. తమిళనాడుకు అంతకుముందే 1997లో పరిశ్రమల కోసం భూసేకరణకు సొంత చట్టం ఉంది. దాన్ని, మరో రెండు రాష్ట్ర చట్టాలను కేంద్ర చట్టం నుంచి మినహాయిస్తూ తమిళనాడు అందులోనే 105-ఎ అనే సెక్షన్ చేర్చుకుంది. 2019 జూలైలో మద్రాసు హైకోర్టు ఈ మూడు చట్టాలూ చెల్లవంది. అదే ఏడాది అసెంబ్లీ వాటికి మళ్లీ ప్రాణం పోస్తూ ఇంకో చట్టం చేసింది. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

రైతుకు దీని అర్థం ఏమిటి? ఇక్కడ పరిశ్రమల సేకరణకు సామాజిక అధ్యయనం అక్కర్లేదు, 80 శాతం అంగీకారం అక్కర్లేదు. అయితే నష్టపరిహారం, పునరావాసం విషయంలో 2013 చట్టం షెడ్యూళ్లు వర్తిస్తాయి. భూమి ఎందుకు తీసుకోకూడదో చెప్పమని యజమానికి నోటీసు ఇవ్వాలి, అతని మాట వినాలి. ఆ నోటీసుకు గడువులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వడం రైతు చేతిలో ఉన్న మొదటి ఆయుధం. ధర్నా ఎంత అవసరమో, ఆ జవాబు అంతకన్న అవసరం. దాన్ని రైతుకు తెలుగులో వివరించి, తమిళంలో రాసిపెట్టి, హైకోర్టుదాకా వెళ్తే ఇంగ్లీషులో వాదించగల లాయరు ఈ ఊళ్లకు కావాలి.

విజయవాడ అమ్మాయి, జెస్యూట్ బడి

2024 మే నెలలో ఒక వీడియో తెలుగువారి ఫోన్లలో తెగ తిరిగింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక న్యాయమూర్తి ప్రమాణ స్వీకారం చేస్తూ తెలుగులో నమస్కారం చెప్పి మాట్లాడారు, ఉపనిషత్తు శ్లోకం చదివారు. ఆమె జయ బాడిగ. శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు న్యాయమూర్తిగా గవర్నర్ గావిన్ న్యూసమ్ నియమించారు.

విజయవాడలో పుట్టారు. తండ్రి బాడిగ రామకృష్ణ మచిలీపట్నం మాజీ ఎంపీ. ఉస్మానియాలో బీఏ చదివి అమెరికా వెళ్లి బోస్టన్ యూనివర్సిటీలో ఎంఏ చేశారు. లా డిగ్రీ ఎక్కడ తీసుకున్నారో చాలా వార్తలు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాయి. అది సాంటా క్లారా యూనివర్సిటీ లా స్కూల్. జెస్యూట్ల బడి. ఆ తర్వాత కుటుంబ చట్టంలో పేరు తెచ్చుకున్నారు, సొంతంగా ప్రాక్టీసు చేశారు, రాష్ట్ర ప్రభుత్వ విభాగాల్లో న్యాయవాదిగా పనిచేశారు. 2022 నుంచి అదే కోర్టులో కమిషనర్. అక్కడి నుంచే న్యాయమూర్తి అయ్యారు.

సాంటా క్లారాను 1851లో స్థాపించిన జెస్యూట్ గురువు పేరు జాన్ నోబిలి. ఇటలీవాడు. అంతకు రెండు వందల ఏళ్లకు పైగా ముందే మదురైలో కాషాయం కట్టి, తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చిన జెస్యూట్ ఇంటి పేరూ అదే, రాబర్ట్ డి నోబిలి. ఒక నోబిలి మన భాష నేర్చుకున్నాడు, ఇంకో నోబిలి పెట్టిన బడి నుంచి మన భాష మాట్లాడే న్యాయమూర్తి వచ్చారు.

ఆ లా స్కూల్ 1911లో మొదలైంది. దాని కింద ఒక పేదల న్యాయకేంద్రం ఉంది. వలస వచ్చినవారి సమస్యలు, కూలి ఎగ్గొట్టిన యజమానులు, వినియోగదారుల మోసాలు, ఇలాంటివి అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులే చూస్తారు. చేయని నేరానికి జైల్లో ఉన్నవారి కేసులు మళ్లీ తెరిపించే మరో విభాగం 2001లో అక్కడే పుట్టింది. సిలికాన్ వ్యాలీ నడిబొడ్డున ఇదంతా జరుగుతుంది. చుట్టూ వేలాది తెలుగు కుటుంబాలు ఉన్నాయి. కంప్యూటర్ చదువుతో పాటు ఆ బడి మెట్లు ఎక్కే తెలుగు పిల్లలు ఇంకా ఎక్కువ కావాలని కోరుకుంటాను.

పగలు పని, రాత్రి లా

అమెరికాలో చాలా కథోలిక లా స్కూళ్లు వలస వచ్చిన ఐరిష్, ఇటాలియన్, పోలిష్ కూలీల పిల్లల కోసం సాయంత్రం తరగతులు నడిపాయి. పగలు ఆఫీసులో గుమాస్తా, రాత్రి లా విద్యార్థి.

న్యూయార్కులో 1905లో మొదలైన ఫోర్డమ్‌లో అలా చదివినామె యూనిస్ కార్టర్. సామాజిక కార్యకర్తగా పనిచేస్తూ రాత్రి తరగతులకు వెళ్లి 1932లో డిగ్రీ తీసుకున్నారు. ఆ లా స్కూల్ నుంచి పట్టా పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. తర్వాత ప్రాసిక్యూటర్ల బృందంలో చేరారు. వేశ్యావృత్తి కేసుల్లో పట్టుబడిన వేర్వేరు ఆడవాళ్ల తరఫున ఎప్పుడూ అవే ముఖాలు, అదే లాయరు, అవే జామీన్లు కనిపించడం ఆమె గమనించారు. వెనుక ఒకే ముఠా ఉందని పట్టుబట్టారు. పైవాళ్లను ఒప్పించడానికే సమయం పట్టింది. ఆ దారాన్ని లాగితే చివర దొరికినవాడు మాఫియా నాయకుడు లక్కీ లూసియానో. 1936లో అతనికి 30 నుంచి 50 ఏళ్ల శిక్ష పడింది. తుపాకీతో కాదు, కేసు కాగితాలు శ్రద్ధగా చదవడంతో.

అదే ఫోర్డమ్‌లో పగలు బడి పంతులమ్మగా పనిచేస్తూ రాత్రి లా చదివిన మరొకరు జెరాల్డీన్ ఫెరారో. 1984లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పెద్ద పార్టీ తరఫున పోటీ చేసిన మొదటి మహిళ.

మన దేశంలో ఆ దారి మూసుకుపోయింది. 2008 నాటి బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం తరగతులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. సిప్కాట్ ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే కుర్రాడు లా చదవాలంటే ఉద్యోగం వదలాల్సిందే. ప్రమాణాలు కాపాడడానికి పెట్టిన నియమమే కావచ్చు, కానీ దాని బరువు పడేది కష్టపడి పైకి రావాలనుకునేవారి మీద. దీన్ని మళ్లీ ఆలోచించాలి.

హైస్కూలు పట్టా లేకుండా లా పట్టా

అరిజోనా గని ఊళ్లో పెరిగిన గ్రాసియేలా ఒలివారెస్ హైస్కూలు మధ్యలో మానేశారు. స్పానిష్ రేడియోలో పనిచేశారు, మెక్సికన్ అమెరికన్ల హక్కుల కోసం తిరిగారు. ఆమె పని చూసిన నోత్రదామ్ యూనివర్సిటీ అధ్యక్షుడు ఫాదర్ హెస్‌బర్గ్ లా చదవమని పిలిచారు. 1869 నుంచి ఉన్న ఆ లా స్కూల్‌కు 1970లో ఆమే మొదటి మహిళా పట్టభద్రురాలు. తర్వాత కార్టర్ ప్రభుత్వంలో పేదరిక నిర్మూలన సంస్థకు అధిపతి అయ్యారు. ఇప్పుడు అమెరికా సుప్రీంకోర్టులో ఉన్న ఏమీ కోనీ బారెట్ చదివిందీ అదే నోత్రదామ్‌లో, 1997లో.

కాలర్ వేసుకున్న ఎంపీ

రాబర్ట్ డ్రైనన్ జెస్యూట్ గురువు. 1956 నుంచి 1970 దాకా బోస్టన్ కాలేజీ లా స్కూల్‌కు డీన్. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ఎన్నికల్లో నిలబడి గెలిచి 1971లో అమెరికా పార్లమెంటుకు వెళ్లారు. కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేసినందుకు అధ్యక్షుడు నిక్సన్‌ను అభిశంసించాలని 1973 జూలైలోనే తీర్మానం పెట్టారు. గురువులు ప్రభుత్వ పదవుల్లో ఉండకూడదని 1980లో పోపు ఆదేశం వచ్చింది. ఆయన మారుమాట్లాడకుండా మళ్లీ పోటీ చేయడం మానేశారు. జార్జ్‌టౌన్ లా స్కూల్‌లో 2007లో చనిపోయేదాకా మానవ హక్కుల పాఠాలు చెప్పారు. ఆ ఆదేశం తర్వాత 1983 చర్చి చట్టంలో 285వ సూత్రంగా కనిపిస్తుంది.

చిన్నచిన్నవి

విస్కాన్సిన్ రాష్ట్రంలో అక్కడి రెండు లా స్కూళ్ల పట్టభద్రులు పరీక్ష రాయకుండానే లాయర్లు కావచ్చు. వాటిలో ఒకటి జెస్యూట్ల మార్క్వెట్ యూనివర్సిటీ. మన దేశంలో 2010 దాకా అందరికీ అలాగే ఉండేది. అఖిల భారత బార్ పరీక్ష మొదటిసారి జరిగింది 2011 మార్చిలో.

మనీలాలోని సాంతో తోమాస్ యూనివర్సిటీలో లా చదువు 1734 నుంచి ఉంది. పేద రైతు కొడుకు అపోలినారియో మబీని అక్కడ 1894లో లా పూర్తిచేశాడు. రెండేళ్లకే కాళ్లు చచ్చుబడ్డాయి. కుర్చీలో కూర్చునే ఫిలిప్పీన్స్ మొదటి ప్రధానమంత్రి అయ్యాడు.

లాయర్ల పాలక పునీతుడు ఫ్రాన్సులోని బ్రిటనీకి చెందిన ఈవో. పేదల తరఫున డబ్బు తీసుకోకుండా వాదించినందుకు పేరు. 1303 మే 19న చనిపోయాడు, 1347లో పునీతుడిగా ప్రకటించారు.

ఈ ప్రాంతపు లా పట్టభద్రుల్లో అందరికంటే పెద్ద పదవికి వెళ్లినవారు హోసూరు దగ్గర తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ. 1900 నుంచి సేలంలో ప్లీడరు, 1948లో గవర్నర్ జనరల్. ఆయన లా చదివింది కథోలిక బడిలో కాదు, మద్రాసులో.

కోర్టులో మన మాట

తమిళనాడులో కింది కోర్టుల భాష తమిళం. ఉద్దనపల్లి అవ్వ కృష్ణగిరి కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వస్తే తెలుగులో చెప్పవచ్చా? చెప్పవచ్చు. సాధ్యమైతే ఆమె మాటలు ఆమె భాషలోనే రాసుకోవాలి, లేకపోతే కోర్టు భాషలోకి నిజమైన అనువాదం తయారుచేసి రికార్డులో పెట్టాలి. నిందితుడికి అర్థం కాని భాషలో సాక్ష్యం నడిస్తే అతనికి వివరించాలి. అర్జీల విషయంలో రాజ్యాంగం 350వ అధికరణం ఇంకా ముందుకు వెళ్తుంది. మీ బాధను ఏ అధికారికైనా రాష్ట్రంలో గాని, దేశంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రాసి ఇవ్వవచ్చు. కలెక్టరుకు తెలుగులో అర్జీ పెట్టడం తప్పు కాదు, మీ హక్కు.

ఉచిత లాయరు విషయం. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం పొందేవారిలో స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, కస్టడీలో ఉన్నవారు ఉన్నారు. హోసూరుకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పారిశ్రామిక కార్మికులు. ఫ్యాక్టరీలో పని పోయినవారికి, గాయపడినవారికి జీతం ఎంతని అడగకుండా లాయరును ఇవ్వాలి. తాలూకా న్యాయసేవల కమిటీకి ఒక అర్జీ చాలు. ఫోన్ చేయాలంటే 15100.